కూల్చివేతకు ఏ రంపపు బ్లేడు? పళ్ల లెక్క ఒక్కటే చూస్తే ఎందుకు నష్టం

క్లుప్తంగా: పాత కలపను కోసే బ్లేడును ఎంచుకునేటప్పుడు కోత ఎంత నున్నగా వస్తుందన్నది పక్కన పెట్టి, మేకు తగిలితే పన్ను ఎలా తట్టుకుంటుందో చూడాలి. 7¼ అంగుళాల చేతి సర్క్యులర్ రంపానికి 24 పళ్లు, పెద్ద కార్బైడ్ (పన్ను కొసన అతికే చాలా గట్టి పదార్థం) మొనలు, పన్ను ముందుకు తక్కువ వాలు, మరీ పలచన కాని ఒళ్లు ఉన్న బ్లేడు ఎక్కువ పనులకు సరిపోతుంది. మార్బుల్ కట్టర్‌కో గ్రైండర్‌కో చెక్క బ్లేడు బిగిస్తే మాత్రం ఈ లెక్కలన్నీ తప్పుతాయి.

పెంకుటిల్లు విప్పేటప్పుడు పెంకులు దింపేవరకు పని చకచకా సాగుతుంది. చిక్కు రీపర్ల దగ్గర మొదలవుతుంది. రీపరు వాసాన్ని దాటిన ప్రతిచోటా ఒక మేకు ఉంటుంది. ఏళ్ల తరబడి వాన చెమ్మకు తుప్పు పట్టి, తల ఊడిపోయి, చెక్కలో కలిసిపోయి పైకి కనిపించదు. కొత్త బ్లేడు బిగించి నాలుగు వాసాలు కోసేలోపే నిప్పురవ్వలు లేస్తాయి, కోత మందగిస్తుంది, చెక్క మాడిన వాసన వస్తుంది. అప్పుడు సాధారణంగా వినిపించే మాట, 'బ్లేడు డూప్లికేట్' అని. చాలాసార్లు ఆ బ్లేడు మంచిదే. అలమరా చేయడానికి తయారైన దాన్ని వాసం మీద పెట్టడం వల్ల అలా అవుతుంది.

హార్డ్‌వేర్ షాపులో ఒకే సైజులో 24, 40, 60 పళ్ల బ్లేడ్లు పక్కపక్కనే వేలాడుతుంటాయి. పళ్లు పెరిగే కొద్దీ సాధారణంగా ధరా పెరుగుతుంది కాబట్టి ఎక్కువ పళ్లున్నదే మేలైనదని కొనేవారు అనుకోవడం సహజం. కూల్చివేత పనిలో ఈ ఊహ బోల్తా కొడుతుంది. ఎందుకో తెలియాలంటే మేకు తగిలిన క్షణంలో ఏం జరుగుతుందో చూడాలి.

మేకు తగిలిన క్షణం

7¼ అంగుళాల బ్లేడు అంటే 184 మిల్లీమీటర్లు. అది నిమిషానికి 5,000 చుట్లు తిరుగుతుంటే అంచు వేగం సెకనుకు 48 మీటర్లు, అంటే గంటకు 170 కిలోమీటర్ల పైమాటే. చెక్కకు ఈ వేగం బాగుంటుంది, ఇనుముకు చాలా ఎక్కువ. ఇనుమును కార్బైడ్ పళ్లతో కోయడానికే తయారైన 14 అంగుళాల మెషిన్లు నిమిషానికి సుమారు 1,300 చుట్లే తిరుగుతాయి. వాటి అంచు వేగం సెకనుకు 24 మీటర్లు, దీనిలో సగం.

రంపాన్ని నిమిషానికి 3 మీటర్ల చొప్పున తోస్తున్నారనుకుందాం. దారిలో 4 మిల్లీమీటర్ల మందం మేకు ఒకటి అడ్డొస్తే దాన్ని దాటడానికి సెకనులో పన్నెండో వంతు పడుతుంది. ఆ కాస్తలోనే బ్లేడు ఆరేడు చుట్లు తిరుగుతుంది. బ్లేడుకు ఎన్ని పళ్లున్నా సరే, ప్రతి పన్నూ ఆ మేకును ఆరేడుసార్లు గుద్దుతుంది. మెత్తటి చెక్కలోంచి ఇనుములోకి, ఇనుములోంచి మళ్లీ చెక్కలోకి పోవడంతో దెబ్బ, వేడి రెండూ ఒకేసారి పన్ను మొన మీద పడతాయి. ఒక్క మేకుతో పోయేది కొద్దిగానే. ఒక వాసంలో పది మేకులుంటే ఆ కొద్దిగాలన్నీ కలిసి మొన విరుగుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని తేడా ఒకటి ఉంది. మామూలు తీగ మేకులు మెత్తటి ఉక్కు. కార్బైడ్ వాటిని కష్టపడైనా కోస్తుంది. జిప్సం బోర్డు స్క్రూలు, గోడకు కొట్టే కాంక్రీటు మేకులు అలా కాదు, వాటిని వేడి చేసి గట్టిపరుస్తారు. అందుకే యాభై ఏళ్ల పెంకుటిల్లు కప్పు కన్నా, పదేళ్ల కిందట చేయించిన ఫాల్స్ సీలింగు, ప్లైవుడ్ ఇంటీరియరు విప్పడమే బ్లేడుకు ఎక్కువ శిక్ష. పాతదంటే కష్టమని, కొత్తదంటే తేలికని అనుకుని అక్కడికి నాజూకు బ్లేడు తీసుకెళితే గంటలో చేతులెత్తేస్తుంది.

విడియా: గట్టిదనం వేరు, దెబ్బ ఓర్చుకోవడం వేరు

షాపుల్లో టీసీటీ అని రాసి ఉండే బ్లేడ్ల పళ్ల కొసన టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్క అతికి ఉంటుంది. 1920లలో జర్మనీలో ఈ పదార్థం రూపుదిద్దుకుంది. క్రుప్ సంస్థ దాన్ని 'విడియా' పేరుతో అమ్మింది. వజ్రం లాంటిది అనే అర్థం వచ్చే జర్మన్ మాటల నుంచి ఆ పేరు పుట్టింది. మన లేత్ వర్క్‌షాపుల్లో కార్బైడ్ పనిముట్టును ఇప్పటికీ విడియా అనడం అందుకే.

వజ్రంతో పోలిక గట్టిదనం వరకే నిజం. కార్బైడ్ రేణువులను పట్టి ఉంచేది కోబాల్ట్ అనే లోహం. కోబాల్ట్ తక్కువ వేస్తే మొన మరింత గట్టిగా ఉంటుంది, పదును ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ గాజులా పెళుసుగా మారుతుంది. కోబాల్ట్ పెంచితే పదును కాస్త తొందరగా తగ్గుతుంది, కానీ దెబ్బను ఓర్చుకుంటుంది. లామినేట్ షీటునూ ఎండీఎఫ్‌నూ రోజంతా నున్నగా కోయాల్సిన బ్లేడుకు మొదటిది కావాలి. మేకుల వాసానికి రెండోది కావాలి. రెండు గుణాలనూ ఒకే మొనలో పూర్తిగా రాబట్టడం కుదరదు. కూల్చివేత బ్లేడు, ఫినిషింగ్ బ్లేడు వేర్వేరుగా ఉండటానికి అసలు కారణం ఇదే. పళ్ల సంఖ్య ఆ తర్వాతి సంగతి.

మొన ఎంత మంచిదైనా అతుకు బలంగా లేకపోతే ఎగిరిపోతుంది. కార్బైడ్, ఉక్కు వేడికి ఒకే తీరుగా వ్యాకోచించవు. ఆ తేడా అంతా అతుకు మీద పడుతుంది. మేలైన కూల్చివేత బ్లేడ్లలో వెండి మిశ్రమం పొరల మధ్య రాగి పొర పెట్టి అతుకుతారు. మెత్తటి రాగి ఆ ఒత్తిడినీ దెబ్బనూ కొంత మింగుతుంది. ఈ అతుకు కంటికి కనపడదు. కనిపించేది ఒకటుంది: మొన వెనకాల ఉక్కు ఎంత దిట్టంగా ఉందన్నది. మొనకు దన్నుగా వెడల్పాటి ఉక్కు భుజం ఉన్న బ్లేడును చేతిలోకి తీసుకుంటేనే తెలిసిపోతుంది.

24, 40, 60: ఒక చిన్న లెక్క

5,000 చుట్లు, 24 పళ్లు అంటే నిమిషానికి 1,20,000 కోతలు. నిమిషానికి 3 మీటర్లు తోస్తే ఒక్కో పన్ను తీసే పొర 0.025 మిల్లీమీటర్లు. 40 పళ్లకు అది 0.015, 60 పళ్లకు 0.01 మిల్లీమీటరు. పొర ఇంత పలచనైతే పన్ను చెక్కను కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది. రుద్దితే వేడి పుడుతుంది. వేడికి బ్లేడు ఒళ్లు సాగి వంకరపోతుంది, జిగురున్న చెక్కయితే మాడిన జిగురు పళ్లకు అంటుకుంటుంది. పైగా పళ్లు పెరిగిన కొద్దీ వాటి మధ్య పొట్టు నిలిచే చోటు తగ్గుతుంది. తడి చెక్క, మట్టి కలిసిన పొట్టు అక్కడ ఇరుక్కుంటే బ్లేడు మరీ కష్టపడుతుంది.

అయితే ఈ లెక్కలోనే ఒక మెలిక ఉంది. ఇనుము కోతకు పళ్లు ఎక్కువుండటమే మేలు, ఎందుకంటే ఒక్కో పన్ను మీద పడే పొర పలచన అవుతుంది. ఇనుము కోసే బ్లేడ్లలో పళ్లు దగ్గరగా ఉండేది అందుకే. మరి మేకులున్న చెక్కకు 24 ఎలా సరైనది? కోత దారిలో చాలా భాగం చెక్కే కాబట్టి. చెక్కలో పొట్టు బయటికి పోవడానికి చోటు కావాలి, మేకు తగిలినప్పుడు నిలబడటానికి లావాటి పన్ను కావాలి. 24 పళ్లుంటే ఈ రెండూ కుదురుతాయి. మేకులో పొర మందమయ్యే నష్టాన్ని తగ్గించడానికి కూల్చివేత బ్లేడులో పన్ను వాలును తగ్గిస్తారు. మిగతాది పనివాడి చేతిలో ఉంది: రంపం శబ్దం మారగానే తోపు తగ్గించడం. నిమిషానికి 3 మీటర్ల నుంచి 1 మీటరుకు తగ్గిస్తే 24 పళ్ల బ్లేడులోనూ పొర 0.008 మిల్లీమీటరుకు దిగుతుంది. మేకు దాటేవరకు అలా ఓపిక పడితే చాలు. అనుభవమున్న వడ్రంగులు చెవితో చేసే పని ఇదే.

పన్ను ఆకారం, తన్నే గుణం

చెక్క బ్లేడ్లలో ఎక్కువగా కనిపించే ఆకారంలో ఒక పన్ను కుడికి, తర్వాతి పన్ను ఎడమకు ఏటవాలుగా ఉంటుంది. కోత అంచు చిట్లకుండా రావడానికి ఈ ఏటవాలు పనికొస్తుంది. కానీ ఏటవాలు కొసన మిగిలేది సన్నటి ముల్లు. మేకు మొదట విరగ్గొట్టేది దాన్నే. ఏటవాలు తక్కువగా ఉన్న పళ్లు, ఉలి అంచులా చదునుగా ఉన్న పళ్లు అంచును కాస్త చించినా విరగకుండా నిలుస్తాయి. పారేసే రీపరు అంచు చిట్లితే పోయేదేమీ లేదు.

వాలు సంగతి కొంచెం వేరు. పన్ను ముందుకు బాగా వాలి ఉంటే చెక్కను గబగబా కొరుకుతుంది, రంపం తనంతట తానే ముందుకు పోతున్నట్టు ఉంటుంది. 20 డిగ్రీల వాలున్న బ్లేడుతో కొత్త కలప కోయడం హాయిగా ఉంటుంది. అదే బ్లేడు మేకును కూడా అంతే ఆత్రంగా కొరకబోయి మొన పోగొట్టుకుంటుంది. ఇనుము కోసే బ్లేడ్లలో వాలు సున్నా దగ్గర్లో ఉంటుంది. కూల్చివేతకు ఈ రెండింటి మధ్యది మంచిది.

మేస్త్రీలు 'మెషిన్ తన్నింది' అనేది దీనికి దగ్గరి సంగతే. బ్లేడు ముందు భాగం కింది నుంచి పైకి కోస్తూ రంపాన్ని చెక్క మీదికి లాక్కుంటుంది. వెనక భాగం పళ్లు కోత గాడిలో ఏమీ కోయకుండా ఊరికే తిరుగుతుంటాయి. గాడి మూసుకుపోయి బ్లేడును నొక్కితే ఆ వెనక పళ్లు చెక్కను పట్టుకుంటాయి. రంపం ఎగిరి పనివాడి మీదికే వస్తుంది. కొత్త కలపను బల్ల మీద కోసేటప్పుడు ఇది అరుదు. కూల్చివేతలో మాత్రం ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం, ఎందుకంటే అక్కడి కలప ఇంకా బరువు మోస్తూనే ఉంటుంది. రెండు గోడల మీద ఆనిన దూలాన్ని నడిమి భాగంలో పైనుంచి కోస్తే, కోత దిగే కొద్దీ దూలం కుంగి గాడి పైభాగం మూసుకుంటుంది. గోడ బయటికి పొడుచుకొచ్చిన చూరు వాసాన్ని కోస్తే, కొస తన బరువుతో కిందికి వాలి గాడి తెరుచుకుంటుంది. పన్ను వెనక చిన్న గుబ్బలాంటి భాగం ఉన్న బ్లేడ్లు ఒక్కో పన్ను కొరికే లోతును అదుపులో పెట్టి తన్నే బలాన్ని కొంత తగ్గిస్తాయి. బరువు మోస్తున్న దూలానికి కింద ఊతంగా పోటు పెట్టకుండా కోస్తే మాత్రం ఏ బ్లేడూ కాపాడలేదు.

పలచని ఒళ్లున్న బ్లేడ్లు ఇప్పుడు బాగా చెలామణిలో ఉన్నాయి. బ్యాటరీ రంపాలకు అవి సుఖం. తీసే చెక్క తక్కువ కాబట్టి బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. కానీ గాడి మూసుకుంటే ముందు వంగేది పలచని ఒళ్లే. ఒకసారి వేడెక్కి వంగిన బ్లేడు చల్లారాక చూడటానికి బాగానే ఉన్నా, తిరిగేటప్పుడు ఊగుతుంది. కరెంటు తీగతో నడిచే రంపమైతే కూల్చివేతకు కాస్త మందమైన బ్లేడే మంచిది.

నాలుగంగుళాల కట్టర్ సమస్య

తెలుగు రాష్ట్రాల్లో ఇళ్లు విప్పేచోట అసలైన సర్క్యులర్ రంపం కన్నా ఎక్కువగా కనిపించేది టైల్స్, గ్రానైట్ కోసే మార్బుల్ కట్టర్. డైమండ్ బ్లేడు తీసి టీసీటీ చెక్క బ్లేడు బిగిస్తారు. కొందరు యాంగిల్ గ్రైండర్‌కే బిగిస్తారు. కారణం అర్థం చేసుకోదగినదే: ఆ మెషిన్ ఇప్పటికే చేతిలో ఉంది, తేలికగా ఉంటుంది, మరో మెషిన్ కొనక్కర్లేదు. ఆ సౌకర్యానికి చెల్లించే మూల్యం ఎంతన్నది మాత్రం లెక్క వేస్తేనే కనిపిస్తుంది.

మార్బుల్ కట్టర్ బ్లేడు 110 మిల్లీమీటర్లు, వేగం నిమిషానికి దాదాపు 12,000 చుట్లు. అంచు వేగం సెకనుకు 69 మీటర్లు, గంటకు సుమారు 250 కిలోమీటర్లు. రాయిని అరగదీయడానికి ఆ వేగం అవసరం. దానికి 40 పళ్ల చెక్క బ్లేడు వేసి నిమిషానికి ఒకటిన్నర మీటర్లు తోస్తే ఒక్కో పన్ను తీసే పొర 0.003 మిల్లీమీటరు. అది కోత అనిపించుకోదు, రాపిడి. కట్టర్‌తో కోసిన చెక్క అంచు నల్లగా మాడి ఉండటానికి కారణం ఇదే. వేడికి మొన అతుకు బలహీనపడుతుంది. ఆ స్థితిలో గంటకు 250 కిలోమీటర్ల వేగంతో మేకును గుద్దితే ఊడిన మొన ఎటు పోతుందో చెప్పలేం.

లోతు సంగతి చూస్తే, 110 మిల్లీమీటర్ల బ్లేడు సుమారు 34 మిల్లీమీటర్లే దిగుతుంది. మూడంగుళాల వాసాన్ని పైనుంచి, కింది నుంచి రెండు వైపులా కోసినా మధ్యలో కొంత మిగులుతుంది. రెండు గాళ్లూ ఒకే గీతలో కలవకపోతే మిగిలిన చెక్క విరిగేటప్పుడు బ్లేడును పట్టేస్తుంది. 7¼ అంగుళాల రంపం దాదాపు 65 మిల్లీమీటర్లు దిగుతుంది కాబట్టి రెండో వైపు చిన్న కోతతో పని అయిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా గార్డులో ఉంది. సర్క్యులర్ రంపానికి కింది గార్డు స్ప్రింగుతో ఉంటుంది, చెక్కలోంచి బయటికి రాగానే బ్లేడును కప్పేస్తుంది. మార్బుల్ కట్టర్‌కు పైన సగం గార్డే ఉంటుంది, అది కదలదు. గ్రైండర్‌కైతే చెక్క మీద ఆనించే పళ్లెం కూడా ఉండదు. డైమండ్ బ్లేడుకు పళ్లు లేవు కాబట్టి ఇరుక్కుంటే ఎక్కువగా జారుతుంది లేదా ఆగుతుంది. పళ్ల బ్లేడు ఇరుక్కుంటే చెక్కను పట్టుకుని పాకుతుంది, ఒక చేత్తో పట్టుకున్న మెషిన్ ఆ చేతి మీదికే తిరుగుతుంది. కింది గార్డు లేని కట్టర్‌తో చెక్క కోయడం మామూలు అలవాటుగా మారిపోవడం ఈ రంగంలో అన్నిటికన్నా బాధాకరమైన విషయం. కుట్లు పడేది రోజు కూలీ మీద బతికే చేతికి.

బ్లేడు మీద చెక్కి ఉండే గరిష్ఠ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అంకె ఇక్కడ పనికొస్తుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 847-1 ప్రకారం తయారయ్యే బ్లేడ్ల మీద ఆ అంకె తప్పనిసరి. మెషిన్ వేగం దానికన్నా తక్కువ ఉండాలి. 7 వేలు అని రాసి ఉన్న బ్లేడును 12 వేల మెషిన్‌కు బిగించకూడదు. అంకే లేని బ్లేడును దేనికీ బిగించకపోవడం మంచిది. మధ్య రంధ్రం కూడా సరిగ్గా సరిపోవాలి. నాలుగంగుళాల గ్రైండర్‌కు 16, మార్బుల్ కట్టర్‌కు 20 మిల్లీమీటర్లు. పెద్ద రంధ్రాన్ని బ్లేడుతో వచ్చిన రింగుతో తగ్గించవచ్చు, తీగ చుట్టో రేకు ముక్క పెట్టో సర్దితే బ్లేడు నడిమికి రాక ఊగుతుంది.

టేకు, తాటి, అమ్ముడుపోయే కలప

మన దగ్గర కూల్చివేత కలప అంతా చెత్త కాదు. పాత టేకు దూలాలు, ద్వారబంధాలు, స్తంభాలు మళ్లీ అమ్ముడవుతాయి. కాబట్టి ఎక్కడ కోస్తున్నామన్నది ఏ బ్లేడుతో కోస్తున్నామన్నంత ముఖ్యం. మేకులు ఎక్కువగా అతుకుల దగ్గరే గుమిగూడి ఉంటాయి. అతుకుకు బెత్తెడు ఇవతల కోస్తే బ్లేడు బతుకుతుంది, మేకుల ముక్క చెత్తలోకి పోతుంది. దూలం పొడవు ఆ మేరకు తగ్గుతుంది. మేకులున్న దూలమంటే కోత మిల్లువాళ్లు జంకుతారు కాబట్టి సాధారణంగా ఈ బేరం గిట్టుబాటే. దర్వాజా లాంటి చోట, అంగుళం తగ్గినా విలువ పడిపోయే కలపను అసలు కోయకూడదు. గడ్డపారతో, మేకులు పీకే సుత్తితో విప్పడమే దారి.

టేకుకు మరో గుణం ఉంది. అందులో సహజంగానే సిలికా ఉంటుంది, మేకు ఒక్కటి తగలకపోయినా పదును తగ్గిస్తుంది. తాటి దూలం పైపొర గట్టి నారలతో ఉండి బ్లేడును లాగేస్తుంది. మట్టి మిద్దె కింది కలపకైతే ఇసుక, సున్నం అంటుకుని ఉంటాయి. చీపురుతో, వైరు బ్రష్షుతో రెండు నిమిషాలు దులిపితే బ్లేడుకు మిగిలే ఆయుష్షు చాలా ఎక్కువ. ఎవరూ లెక్కలోకి తీసుకోని పని ఇది.

సర్క్యులర్ రంపం పట్టనిచోట, గోడ వారనో మూలనో, ముందుకూ వెనక్కూ కదిలే రెసిప్రొకేటింగ్ రంపం మేలు. దాని బైమెటల్ (రెండు లోహాలు కలిపి చేసిన) బ్లేడు వంగుతుంది కానీ చిట్లదు, అంగుళానికి 6 పళ్లున్నది మేకుల చెక్కకు సరిపోతుంది. నెమ్మదిగా కోస్తుందన్నది ఒక్కటే లోటు.

ఖర్చు లెక్క, బ్లేడు ఎప్పుడు మార్చాలి

లెక్క కోసం ఒక కప్పులో 60 వాసాలు, వాసానికి రెండు కోతలు అనుకుందాం. మొత్తం 120 కోతలు. మామూలు బ్లేడు 40 కోతలకు పోతే మూడు బ్లేడ్లు కావాలి. రెట్టింపు ధర ఉన్న కూల్చివేత బ్లేడు ఒకటే 120 కోతలూ పూర్తి చేస్తే మూడో వంతు ఖర్చు మిగిలినట్టే. మధ్యలో పని ఆపి బ్లేడు మార్చే సమయం, అరిగిన బ్లేడుతో మోటారు మీద పడే భారం దీనికి అదనం. అదే, మేకులన్నీ ముందే పీకించగలిగితే మామూలు 24 పళ్ల ఫ్రేమింగ్ (ఇంటి చట్రం కలప కోసే) బ్లేడు చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఒక మొన ఊడిన బ్లేడును 'ఇంకా ఇరవై మూడున్నాయిగా' అని వాడటం ప్రమాదం. ఊడిన పన్ను చేయాల్సిన పని దాని వెనక పన్ను మీద పడుతుంది. అది రెట్టింపు పొర కొరికి తొందరగా విరుగుతుంది, ఆ తర్వాత దాని వెనకది. పైగా బ్లేడు తూకం తప్పి ఊగుతుంది. ప్లగ్ పీకి, పూటకోసారి పళ్లన్నీ చూడటానికి ఒక నిమిషం చాలు. ఒళ్లు మీద నీలం మచ్చ కనిపిస్తే ఉక్కు బాగా వేడెక్కిందని అర్థం, దాన్ని పక్కన పెట్టాలి.

కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు. అంతగా తెలియనిది ఇంకొకటి ఉంది. మేకులు కోసేటప్పుడు లేచే రవ్వలు పొట్టు సంచిలోకి పోతే లోపలే నిప్పు రాజుకుంటుంది. అందుకే మేకుల కలప దగ్గర పొట్టు సంచి తీసేయాలి, పోగైన పొట్టును ఎప్పటికప్పుడు ఊడ్చేయాలి, పక్కన నీళ్ల బకెట్ ఉండాలి.

ఏ బ్లేడూ పెట్టకూడనివి

ఆస్బెస్టాస్ సిమెంటు రేకుల మీద ఏ బ్లేడునూ పెట్టకూడదు. ఆస్బెస్టాస్ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పొడిగా ఉన్న రేకును వేగంగా తిరిగే బ్లేడుతో కోస్తే కంటికి కనిపించని నారలు గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జబ్బు బయటపడేది కొన్ని దశాబ్దాల తర్వాత. రేకులను తడిపి, హుక్కుల నట్లు విప్పి, వీలైనంతవరకు విరగకుండా దింపాలి. తుప్పు పట్టి నట్టు రాకపోతే హుక్కును కోయాలి, రేకును కాదు.

పాత రంగుల్లో సీసం ఇంకో సమస్య. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించకూడదన్న కేంద్ర నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందు పొరలు పొరలుగా రంగు వేసిన తలుపులను, కిటికీ చట్రాలను రంపంతో కోస్తే ఆ ధూళి పొట్టుతో పాటే లేస్తుంది. అలాంటి చెక్కను కోయకుండా విప్పడం మంచిది. తప్పనప్పుడు తడిపి, మంచి మాస్కు పెట్టుకుని, చిన్నపిల్లలు ఆడుకునే చోటికి దూరంగా కోయాలి. సాయంత్రం ఆ బట్టలతోనే ఇంటికెళ్లి పిల్లల్ని ఎత్తుకుంటే ఆ ధూళి వాళ్లకూ అంటుతుంది.